బరువుల రిజిస్టర్లో ఒక విమానం

జూన్ 24, 2024. సోమవారం

ఈ రిజిస్టర్ అంగన్‌వాడీ పిల్లల బరువులు రాసుకొమ్మని ఇచ్చింది. ఇప్పుడు బరువులన్నీ ఫోన్లోనే ఎక్కించాలట, దీనితో పని లేదట. ఇన్ని తెల్లకాగితాలు పారేయడానికి నాకు చేతులు రాలేదు. పైగా ఈ రోజు సంగతి ఎక్కడో ఒకచోట కక్కకపోతే కడుపు ఉబ్బిపోతుంది, ఊళ్లో కక్కితే ఉండనివ్వరు. అందుకని 'పేరు, వయసు, బరువు' అని గీసిన గళ్ల మీదుగా అడ్డంగా రాస్తున్నాను.

పొద్దున గుడ్లు ఉడకబెడుతుంటే పంచాయతీ సెక్రటరీ వర్షిత వచ్చింది. సర్పంచుల గడువు అయిపోయినప్పటి నుంచి ఊరి భారమంతా ఈ పిల్ల నెత్తినే ఉంది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ప్రతి కాగితానికీ జ్వరం తెచ్చుకుంటుంది.

"ఆంటీ, మన ఊర్ల మిలిటరీ విమానం కూలిందట. నాకెవరూ చెప్పలేదేంది?" అంది, ఏడుపు మొహంతో.

కాగితం చూశాను. 'రాళ్లమెట్ల శివారులో యుద్ధ సమయమున, ప్రతికూల వాతావరణములో పైకి లేచుచుండగా కూలిన సైనిక విమానముపై మూడు రోజులలో నివేదిక పంపగలరు. ఘటనా స్థలం ఫొటోలు జతపరచగలరు.' ఎప్పుడు కూలిందో ఎక్కడా లేదు. పాపం, ఈ పిల్ల తెల్లవారే ఇద్దరు సఫాయి వాళ్లను తీసుకుని గుట్ట చుట్టూ తిరిగి వచ్చిందట. ముళ్లు గీరుకుని చేతులు ఎర్రగా ఉన్నాయి.

"బిడ్డా, అది కూలి ఎనభై ఏండ్లయింది," అన్నాను.

"మరి ఇప్పటిదాంక రిపోర్ట్ ఎందుకు పంపలే?" అని నా మీదికే వచ్చింది.

కూర్చోబెట్టి, ఒక గుడ్డు చేతిలో పెట్టి, ఊరందరం చెప్పే కథే చెప్పాను. జపాన్ వాళ్లతో యుద్ధం నడిచే రోజుల్లో ఇంజను చెడి ఒక సరుకుల విమానం మా బీడు భూమిలో దిగింది. ముగ్గురు మనుషులు. మూడు రోజులు బాగుచేసుకున్నారు. నాలుగో రోజు పొద్దున లేస్తూ లేస్తూ తాటిచెట్లకు కొట్టి కూలింది. ఇద్దరు బతికారు, నడిపే కావస్ సాబ్ చనిపోయాడు. వాన, గాలి, చీకటి.

రాళ్లమెట్లలో పుట్టిన ప్రతి పిల్లకూ అ ఆ ల కంటే ముందు ఈ మూడు మాటలు వస్తాయి. వాన, గాలి, చీకటి. నేనే నేర్పుతాను.

బరువు సంగతి చెప్పలేదు. నాకేం పట్టింది?

జూన్ 25

బరువు సంగతి ఊరందరిది. నా ఒక్కదానిదే కాదు.

జూన్ 26

కాగితం ఎందుకొచ్చిందో తెలిసింది. కావస్ సాబ్ కూతురు పుణె నుంచి వస్తోందట. ఆమె అర్జీ పెట్టుకుంటే అది పదిచోట్ల తిరిగి వర్షిత టేబుల్ మీద పడింది.

దామోదరన్న ఇంట్లో మీటింగ్. దామోదరన్న మాజీ సర్పంచ్. 'మాజీ' అన్న ముక్క ఆయన ముందు అనకూడదు, రేపో మాపో ఎలక్షన్లు వస్తే మళ్లీ తనే అని నమ్మకం. పిల్లలను బయటికి తోలి తలుపు వేసి కూర్చున్నాం.

"ఎనభై రెండేండ్ల ముసలామె. తండ్రి ఎట్ల సచ్చిండో తెల్సుకోవాల్నట," అన్నాడు దామోదరన్న. "మనకు తెల్సు ఎట్ల సచ్చిండో. మూడు దినాలు మన పెద్దలు మర్యాదలు చేసిండ్రు. పోయేటప్పుడు సుట్టాన్ని ఉత్త చేతుల పంపుతరా? జొన్న బస్తాలు, పల్లికాయ, బెల్లం, చింతపండు, గాలయ్య తాతవి రెండు పొట్టేళ్లు. అన్నీ పొద్దుగూకంగ విమానంల ఎక్కించి ఇంటికొచ్చిండ్రు. వాళ్లేమో మొహమాటానికి ఊకున్నరు. తెల్లారి అది లెవ్వకపాయె. గిది బైటపడితే ఊరి మీద కేసు అయితది."

మా ఆయన ముజఫ్ఫర్‌కు నార్కట్‌పల్లి చౌరస్తాలో పంక్చర్ షాపు. ఏ టైరుకు ఎంత గాలి అన్నది తప్ప వేరే మాట మాట్లాడే మనిషి కాదు. ఈ రోజు నోరు తెరిచాడు. "కేసు ఎవల మీద పెడ్తరన్నా? పొట్టేళ్ల మీదనా?"

గాలయ్యకు రోషం వచ్చింది. "మా పొట్టేళ్ల జోలికి రాకు. ఆకాశం కెల్లి పడ్డా గీత పడకుంట తెల్లారి దొడ్లకు నడిచొచ్చినయి." నిజమే, వచ్చాయట. అందుకే ఆ సంతతి పొట్టేళ్లను ఊళ్లో ఎవరూ కొయ్యరు, వాటికి ఎదురొస్తే దండం పెట్టేవాళ్లూ ఉన్నారు.

అసలు చిక్కు ఈదమ్మవ్వ. తొంభై ఏళ్లు. అప్పటిది కళ్లారా చూసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. అడిగినవాళ్లకల్లా ఆనందంగా చెబుతుంది, అదీ ఒక్కోసారి ఒక్కోలా. ఒకసారి విమానంలో కోడిపుంజును పెట్టానంటుంది, ఇంకోసారి గుమ్మడికాయ, మరోసారి మంచం. ముసలామె వచ్చి పోయేదాకా ఈదమ్మవ్వను మేళ్లచెరువులో మనవరాలి దగ్గరికి పంపాలని తీర్మానం. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

జూన్ 28

బడి అరుగు మీద రిహార్సల్ జరిగింది. దామోదరన్న నెత్తిన తువ్వాలు కప్పుకుని కావస్ సాబ్ కూతురు వేషం వేశాడు. ఒక్కొక్కరం పోయి చెప్పాలి.

గాలయ్య వంతు వచ్చింది. "వాన, గాలి, చీకటి, పొట్టేళ్లు."

"పొట్టేళ్ల మాట రావద్దంటి గదనే!"

"వాన అనంగనే నాకు అవే యాదికొస్తున్నయి. ఏం జెయ్యమంటవు?"

నాలుగుసార్లు చెప్పించారు. నాలుగుసార్లూ పొట్టేళ్లు వచ్చాయి. చివరికి గాలయ్య దగ్గుతూ ఉండాలనీ మాట్లాడకూడదనీ తేల్చారు.

నేను మొదటిసారే తప్పు లేకుండా చెప్పాను. చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది.

జూలై 1

వర్షిత నివేదిక పంపింది. ఫోన్లో నష్టాల జాబితాలో విమానం లేదట. ఇల్లు, పంట, పశువు మాత్రమే ఉన్నాయట. ఏదో ఒకటి నొక్కనిదే ముందుకు పోదు కాబట్టి 'ఇతర పెద్ద పశువు' అని నొక్కింది. ఫొటో కావాలంటే తాటిచెట్లు తీసి పెట్టింది. సాయంత్రానికి పై నుంచి జవాబు: 'పశువైద్యుని పోస్ట్‌మార్టం ధ్రువపత్రం జతపరచగలరు.'

పిల్ల అన్నం తినలేదు. పిలిచి పప్పు, చారు పెట్టాను.

జూలై 2

ఈదమ్మవ్వను ఆటో ఎక్కించారు. ఎందుకు పంపుతున్నారని అడిగింది. మనవరాలికి నిన్ను చూడాలని ఉందట అన్నాం. ఆమె నా వైపే చూస్తూ కూర్చుంది, ఆటో మలుపు తిరిగేదాకా.

జూలై 3

దాదా సంగతి ఇందులో రాయను.

జూలై 4

రాస్తే ఏమవుతుంది? ఈ గళ్ల పుస్తకం ఎవరు చదువుతారు?

మా దాదా మస్తాన్, అంటే నాన్నకు నాన్న, కళాయి పని చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ల రాగి గిన్నెలన్నీ ఆయన చేతిలో మెరిసినవే. విమానం దిగిన ఏడు మా అబ్బా మూడేళ్ల పిల్లాడు. జ్వరంతో కన్ను తెరవడం మానేశాడు. కావస్ సాబ్ తన మందుల పెట్టెలోంచి గోళీలు తీసి, నలిపి, పాలలో కలిపి తనే పట్టించాడు. మూడో రోజు అబ్బా లేచి జొన్నరొట్టె అడిగాడు. అంటే ఆ గోళీలు లేకపోతే అబ్బా లేడు, నేనూ లేను.

విమానానికి కాపలా పడుకున్నది దాదానే. నాలుగో రోజు తెల్లవారుజామున సాబ్, ఆయన మనుషులిద్దరూ కలిసి ఊరివాళ్లు ఎక్కించిన బస్తాలన్నీ చప్పుడు చేయకుండా దింపేశారు. వాగు ఒడ్డున పొదల్లో పేర్చారు. పొట్టేళ్ల తాళ్లు విప్పి వదిలేశారు. "ముందే చెబితే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. మేం పోయాక తీసుకెళ్లమను," అని దాదాతో అన్నాడట. అంతలో వాన మొదలైంది.

దాదాకు మనసొప్పలేదు. కొడుకును బతికించిన మనిషి ఉత్త చేతులతో పోతాడా? ఇంటికి పరుగెత్తి, నలభై శేర్ల అన్నం ఉడికే మా రాగి డేగ్ నెత్తిన పెట్టుకొచ్చాడు. కొత్తగా కళాయి పూసింది. వాళ్లు ఇంజను దగ్గర ఉన్నప్పుడు తోక భాగంలో, టార్పాలిన్ కింద పెట్టాడు. ఇంటికి చేరాక చూసి సంతోషిస్తాడని.

బస్తాలను వాగు ఎత్తుకుపోయింది. అవి విమానంలోనే కాలిపోయాయని ఊరు అనుకుంది. దాదా కాదనలేదు. పోయే ముందు అబ్బా ఇదంతా నాకు ఒక్కదానికే చెప్పాడు, బయట ఆయనా కాదనలేదు. నేనూ అనలేదు. ఊరంతా మోసే తప్పులో మా తప్పు కలిసిపోయి ఇన్నేళ్లూ హాయిగా ఉంది.

ఒక డేగ్‌కు విమానం పడుతుందా? పడదు. నాకు తెలుసు పడదని.

జూలై 5

పెళ్లి సామాను కిరాయికిచ్చే జానమ్మ దగ్గర అదే కొలత డేగ్ ఉంటే తెప్పించి, అంగన్‌వాడీ తూకం మీద పెట్టి చూశాను. ముల్లు చివరిదాకా పోయి అక్కడే ఇరుక్కుంది. తూకం పాడైంది. ఈ నెల పిల్లల బరువులు ఫోన్లో ఎక్కలేదు. ఎందుకు పాడైందని పైవాళ్లు అడిగితే పిల్లలు బాగా పెరిగారని చెబుతా.

జూలై 8

మొహర్రం మొదలైంది, పీర్ల పెట్టె దింపాం. కొట్టం తాళంచెవి మా ఇంట్లోనే ఉంటుంది, దాదా కాలం నుంచి. చింతపండుతో ఇత్తడి పీర్లు రెండింటినీ తోమాను. మూడోది తేలిక లోహం, చింతపండు పడదు. ఉత్త నీళ్లతో కడిగాను. కూలిన విమానం రెక్క రేకుతో దాదా చేసిన పీరు అది. ఊళ్లో గాలి పీరు అంటారు. పదో రోజు అది విమానం కూలిన చోటికి పోయి కాసేపు నిలబడి వస్తుంది. ఎత్తుకునేది ఎప్పుడూ గాలయ్య ఇంటివాళ్లే.

కడుగుతుంటే చేతులు ఆగాయి. సంగతి బయటపడితే ఈ తాళంచెవి మా ఇంట్లో ఉంచుతారా?

జూలై 14, ఆదివారం

ఆమె వచ్చింది.

పేరు రోషన్. తెల్లటి పొట్టి జుట్టు, చేతికర్ర, భుజానికి ఫ్లాస్కు. నార్కట్‌పల్లి లాడ్జిలో దిగింది, అక్కడి నుంచి కారు. వాళ్లు పార్సీలు, హిందీ మాట్లాడుతుంది. కాబట్టి మా ఇంటి ఉర్దూతో నేనే దుబాసీని అయ్యాను. దామోదరన్నకు ఇది నచ్చలేదు గానీ, ఆయన హిందీ ఆయనకే అర్థం కాదు.

బడి దగ్గర ఊరంతా వరుసగా నిలబడింది. ఒక్కొక్కరూ వచ్చి నమస్తే పెట్టి "వాన, గాలి, చీకటి" అని పక్కకు తప్పుకున్నారు. నా అంగన్‌వాడీ పిల్లలు ముగ్గురు కోరస్‌గా చెప్పారు. గాలయ్య దగ్గాడు. ఆమె ఏదీ అడగకముందే ఇదంతా అయిపోయింది. ఆమె ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనేలేదు.

అంతా విని ఆమె సంచిలోంచి ఒక పాత కాగితం నకలు తీసింది. "ఇందులోనూ అదే ఉంది," అంది. మిలిటరీ వాళ్ల విచారణ కాగితం. నాకు చదివి చెప్పింది. వాతావరణం బాగాలేదని తెలిసీ పైలట్ తొందరపడి బయలుదేరాడు, ప్రమాదానికి అతని తొందరపాటే కారణం.

ఆయన పోయినప్పుడు ఆమెకు రెండేళ్లు. ఆయన గొంతు గుర్తు లేదు. వాళ్ల అమ్మ కోపంతో ఆయన పేరు ఎత్తేది కాదట. ఈమె మెట్ల మీద పరుగెత్తితే చాలు, "తండ్రి తొందరే వచ్చింది" అనేవారట. పెళ్లికి తొందరపడితే అదే మాట, ఉద్యోగం మానేస్తే అదే మాట. "ఆయన గురించి నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే. నిజంగా అంత తొందర మనిషా? చూసినవాళ్లు ఉంటే అడుగుదామని వచ్చాను. ఇక నాకూ ఎక్కువ టైం లేదు."

దామోదరన్న నా వైపు చూశాడు. ఊరంతా నా వైపు చూసింది.

"వాన ఎక్కువ పడ్డదమ్మా ఆ రోజు," అన్నాను.

మనిషినేనా నేను?

జూలై 15

ఈదమ్మవ్వ తిరిగొచ్చింది. మేళ్లచెరువులో ఫ్యాక్టరీ దుమ్ముకు దగ్గొస్తుందని చెప్పి, ఆధార్ కార్డు చూపించి, రెండు ఫ్రీ బస్సులు మారి ఒక్కతే వచ్చింది. దామోదరన్న తల పట్టుకున్నాడు. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి కాపలా పెట్టారు. కాపలావాళ్లకు ఆమె మంచం కథ చెబుతోందట.

మధ్యాహ్నం రోషన్ గారు పీర్ల కొట్టం చూస్తానంది. గాలయ్య అక్కడే ఊదు వేస్తున్నాడు. ఇత్తడి పీర్లు రెండూ మొక్కుల దట్టీ గుడ్డలతో, పూలతో కనబడకుండా నిండిపోయి ఉన్నాయి. గాలి పీరు మీద నూలుపోగు లేదు. ఆమె రేకును వేళ్లతో తడిమింది. తర్వాత అడిగింది, దీనికి మాత్రం ఎందుకు ఏమీ కట్టలేదని.

నేను హిందీలోనే ఏదో సర్దబోయాను. ఈలోగా గాలయ్యకు ప్రశ్న అర్థమైపోయింది.

"బరువైతదని," అన్నాడు. అని నోరు మూసుకున్నాడు, రెండు చేతులతో.

"ఏమంటున్నాడు?" అంది ఆమె.

దగ్గొచ్చింది అని చెప్పి ఉంటే సరిపోయేది. గాలయ్య నా కాళ్ల మీద పడేలా చూస్తున్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బరువవుతుందని, అన్నాను. తర్వాత జొన్న బస్తాలు, పల్లికాయ, బెల్లం, పొట్టేళ్లు అన్నీ చెప్పాను.

ఆమె మొదట నమ్మలేదు. "పొట్టేళ్లా? విమానంలోనా?" నవ్వడం మొదలుపెట్టింది. కర్ర కింద పడిపోయేలా నవ్వింది. కళ్లు తుడుచుకుని, "అయితే ఆయనది తొందర కాదు. కాదనలేని మొహమాటం. ముగ్గురి ప్రాణాల కంటే మొహమాటమే ఎక్కువైందన్నమాట," అంది. అప్పటికి నవ్వు ఆగిపోయింది.

సగం నిజం చెప్పి ఏం చేశాను? తొందరపాటు మనిషిని తీసేసి తెలివిలేని మనిషిని ఆమె చేతిలో పెట్టాను. ఆయన అన్నీ దింపాడు. చీకట్లో, ఊరి మనసు నొచ్చకుండా, ఒక్కొక్క బస్తా దింపాడు. అది చెబితే డేగ్ సంగతి చెప్పాలి. చెబితే మా దాదా చేతిలో ఆయన చచ్చిపోయినట్టు. చెప్పకపోతే ఆమె ఈ కాగితంతోనే తిరిగి పోతుంది.

ముజఫ్ఫర్‌కు మొత్తం చెప్పాను, పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లకు. టీ తాగుతూ విన్నాడు. "గాలి ఎక్కువైనా టైరు పగుల్తది, తక్కువైనా పగుల్తది," అని సైకిలెక్కి పోయాడు. ఏమన్నాడో ఆయనకైనా తెలుసో లేదో.

జూలై 16

ఊరికి పిచ్చెక్కింది.

నేను చెప్పేసిన సంగతి తెలిసి పొద్దున తిట్లు మొదలయ్యాయి. పది గంటలకు రోషన్ గారు వచ్చి, నేను ఎవరి మీదా కోపంతో రాలేదు, ఏ కేసూ లేదు, బరువు వల్ల అని ఊరివాళ్లు రాసిస్తే విచారణ కాగితం మార్చమని అడుగుతాను అంది. తిట్లు ఆగిపోయాయి. తర్వాత దామోదరన్న గొంతు సవరించుకున్నాడు.

"రాస్తె సక్కగ రాయాలె. మా తాతవి ఐదు బస్తాలు. మొదలు మా తాత పేరు రావాలె."

"ఐదెక్కడియి? మీ తాత రెండు పెట్టిండు. ఐదు మావి!" అని అమృతమ్మ లేచింది.

ఇక చూడాలి. నిన్నటిదాకా నోరు విప్పని ఇళ్లన్నీ లైన్లో నిలబడ్డాయి. మా తాత విసుర్రాయి పెట్టాడని ఒకరు, మా ముత్తాత ఎడ్లబండి చక్రం పెట్టాడని ఇంకొకరు. రెండు పొట్టేళ్లు మధ్యాహ్నానికి ఐదయ్యాయి. ఆ కాలంలో ఊళ్లోనే లేని విజేందర్ వాళ్లు కూడా మాదొక బర్రె దూడ అన్నారు. వర్షిత రాస్తూనే ఉంది. మూడు పేజీలు. ముజఫ్ఫర్ లెక్క చూసి, "గింత సామానుకు విమానం కాదు, మూడు లారీలు కావాలె," అన్నాడు.

రోషన్ గారు అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. మొహం మాత్రం వాడిపోయింది. ఇన్ని ఎక్కించుకున్నాడా నాన్న అని అడిగింది నన్ను. కాదు అనబోయాను. అనకుండా ఆమె ఫ్లాస్కు మూత తీసి చేతికిచ్చాను.

రేపు పదో రోజు. రేపు చెబుతాను. రాసుకున్నాను కాబట్టి చెప్పాలి.

జూలై 17, బుధవారం

ఈ రోజు తొలి ఏకాదశి కూడా. ఒక చేతిలో పేలాలపిండి, ఒక చేతిలో పీర్ల మలీద ముద్దతో ఊరంతా తిరిగింది. మధ్యాహ్నం పీర్లు లేచాయి. గాలి పీరు తాటిచెట్ల దగ్గరికి పోయింది, వెనకాలే డప్పులు, ఊరు, కారులో రోషన్ గారు. మబ్బు పట్టింది.

పీరు నిలబడ్డాక డప్పులు ఆపమన్నాను. ఈదమ్మవ్వ కాపలావాళ్లను వెంటబెట్టుకునే వచ్చి రాయి మీద కూర్చుంది. వర్షిత మూడు పేజీలు తెచ్చింది, సంతకాలు అక్కడే పెట్టాలని దామోదరన్న ముహూర్తం.

తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి మొత్తం చెప్పాను. బస్తాలు దింపడం, పొట్టేళ్లను వదలడం, గోళీలు, డేగ్. "అన్నీ దింపినంక ఎక్కించింది మా దాదా ఒక్కడే," అన్నాను. గాలయ్య పట్టుకున్న పీరు కర్రనే నేనూ పట్టుకున్నాను.

తిడతారనుకున్నాను. హంతకుల ఇల్లు అంటారనుకున్నాను. దామోదరన్న నా మీదికొచ్చాడు. "మా తాత బస్తాలు దింపిండ్రా? ఎవరు జెప్పిండ్రు? ఎనభై ఏండ్ల సంది మోస్తున్నం చెల్లె, గిప్పుడొచ్చి మాది కాదంటవా?"

"మొత్తం మీ దాదానే జేసిండా? మేమేం జెయ్యలేదా?" అని అమృతమ్మ ఏడ్చేసింది.

గాలయ్య మాత్రం మెల్లగా అడిగాడు. "అయితే మా పొట్టేళ్లు ఆకాశంలకు పోనే లేదా, బీ?"

"పోలేదు గాలయ్యా."

పీరు పక్కవాడి చేతికిచ్చి కింద కూర్చున్నాడు. నాకు వాడి మీద జాలేసింది, నిజంగా.

ఆ డేగ్ పెట్టినట్టు సాక్ష్యమేంటని దామోదరన్న అరిచాడు. సాక్ష్యం లేనిదే ఊరు సంతకం పెట్టదన్నాడు. అప్పుడు ఈదమ్మవ్వ రాయి మీంచి లేచింది.

"నేను జూసిన. గా తాటిచెట్ల కిందనే మ్యాకలతోని నిలవడ్డ. మస్తాను డేగు ఎత్తుకొచ్చుడు జూసిన. విమానం పడుడు జూసిన."

"మరి గిన్నేండ్లు కోడిపుంజు అంటివి, మంచం అంటివి?" అన్నాను.

"డేగు మాట నోటికి రావద్దని, బిడ్డా. ఏదో ఒకటి చెప్పాలె గద. గా సాబ్ వద్దన్నడు."

ఏ సాబ్ అని అడిగాను.

"సచ్చిపోయిన సాబ్. మస్తాను ఆయన్ని బైటికి గుంజి ఒడిల పెట్టుకున్నడు. నేను జేసిన సాబ్, నేనే సంపిన అని నెత్తి కొట్టుకుంటున్నడు. గాయన మస్తాను చెయ్యి పట్టుకున్నడు. చెప్పిండు. నాకప్పుడు తురకం రాదు, గని మాట మాట యాదికుంది." ఈదమ్మవ్వ కళ్లు మూసుకుంది. "డేగ్ కా నామ్ మత్ లేనా. బారిష్ బోల్నా."

డేగ్ పేరు ఎత్తకు. వాన అని చెప్పు.

మిగతాది ఆమెకు అనువదిస్తూనే ఉన్నాను, ఆ మాటను మాత్రం అనువదించాల్సిన పని లేకపోయింది. రోషన్ గారు కారు దిగి అప్పటికే ఈదమ్మవ్వ ముందు నిలబడి ఉంది. మళ్లీ చెప్పమంది. అవ్వ చెప్పింది. మళ్లీ చెప్పమంది. గట్టిగా అన్నాడా, మెల్లగానా అని అడిగింది. "మెల్లగ. నొప్పి మీద ఉన్నడు గద తల్లీ. గని కోపం లేదు," అంది అవ్వ. ఎనభై రెండేళ్లలో ఆమెకు తండ్రి మాట చేరడం ఇదే మొదలు. అది కూడా ఆమె కోసం అన్నది కాదు.

వాన మాట మేం కల్పించుకున్నామని ఇన్నేళ్లూ అనుకున్నాం. అది ఆయన ఇచ్చింది. దాదాను కాపాడడానికి తన పేరు పోగొట్టుకున్నాడు. బతికిన ఇద్దరూ అది విని విచారణలోనూ అదే చెప్పి ఉంటారు. దాని మీద ఆ కాగితం, ఆ కాగితం మీద ఈమె బతుకు.

వర్షిత మూడు పేజీలూ మడిచి కొత్త కాగితం తీసింది. "మేడం, ఇప్పుడు కారణం కాడ ఏం రాయాలె? డేగ్ అని రాయన్నా?" నేను అనువదించి, "రాయమనండి. మా దాదా పేరు కూడా రాయమనండి. సంతకం నేను పెడతాను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

రోషన్ గారు వర్షిత దగ్గరికి వచ్చి ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"నాన్న నన్ను ఏ పనీ అడగలేదు. అడిగే వయసుకు నేను రాలేదు. ఆయన అడిగింది ఇది ఒక్కటే, అదీ వేరేవాళ్లను అడిగాడు," అంది. "నేను కాగితం మార్చడానికి వచ్చాను. ఇప్పుడు మారిస్తే ఆయన మాట తీసేసినట్టే. వాన అని రాయమను."

"మరి ఆయన తొందరపాటు అని అందులో అట్లనే ఉంటుంది కదా?" అన్నాను.

"ఉండనీ. నాకు తెలిసింది కదా."

వర్షిత రాసింది. దామోదరన్న ఇంకేదో అనబోతే ముజఫ్ఫర్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. ఈదమ్మవ్వ వేలిముద్ర వేసింది. నేను సంతకం పెట్టాను. రోషన్ గారు నా చెయ్యి పట్టుకుని, మీ నాన్న ఎన్నేళ్లు బతికాడు అని అడిగింది.

"డెబ్బై ఒకటి," అన్నాను.

"మంచిది. గోళీలు బాగా పనిచేశాయి," అంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ దాదా కోసమే ఏడ్చేదాన్ని. ఈ రోజు కావస్ సాబ్ కోసం ఏడ్చాను, అందరి ముందు, ఆమె చెయ్యి వదలకుండా.